కడలి లోతుల్లో కొలువులు.. కచ్చితమైన కొలతే అర్హత

శ్రీహరికోటలో రాకెట్ లేస్తే శ్రీకాళహస్తిలో కుర్రాళ్లు మేడలెక్కి చూస్తారు. నిప్పుచుక్క పైకి పాకుతుంటే ఫోన్లు బయటికి తీస్తారు. 'ఇస్రోలో ఉద్యోగం రావాలంటే ఏం చదవాలి సార్?' అని అడిగేవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. మన రాష్ట్రంలోనే, విశాఖపట్నంలో, రాకెట్‌కు ఏమాత్రం తీసిపోని ఇంకో యంత్రం తయారవుతోంది. అది ఎగరదు, మునుగుతుంది. ఎవరి కంటా పడకపోవడమే దాని పని. అందుకేనేమో, దాని వెనకున్న ఉద్యోగాల గురించి అడిగేవాళ్లు తక్కువ.

జలాంతర్గామి అనగానే చాలామందికి 'ఘాజీ' సినిమా గుర్తొస్తుంది. కెప్టెన్, పెరిస్కోప్, టార్పెడో.. తెర మీద కనిపించేవి ఇవే. కనిపించని వాళ్లు వేరే ఉన్నారు. ఉక్కు పలక మందం లెక్కగట్టిన ఇంజినీరు, దాన్ని అతికిన వెల్డరు, ఆ అతుకును ఎక్స్‌రే తీసి 'సరే' అని సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టరు, మోటారు చప్పుడు తగ్గించిన శాస్త్రవేత్త. వీళ్లలో ఎక్కువమంది మెకానికల్, మెటలర్జీ, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లే. 'కోర్ బ్రాంచి తీసుకుని పొరపాటు చేశానా, ఇప్పుడైనా కోడింగ్ కోచింగ్‌కు వెళ్లిపోనా?' అని మథనపడుతున్నవాళ్లు ఈ రంగాన్ని ఒకసారి చూడాలి. చూశాక ఏ దారిలో వెళ్లాలన్నది మీ ఇష్టం.

విశాఖలో ఏముంది?

మన నౌకాదళం మొదటి జలాంతర్గామి ఐఎన్ఎస్ కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లోని రీగాలో సేవలోకి వచ్చింది. ఆ రకానికే చెందిన ఐఎన్ఎస్ కుర్సురా 1969లో వచ్చి, 2001లో విరమించుకుంది. ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్నది అదే. దాని పొడవు 91 మీటర్లు.

కొనుక్కునే దశ నుంచి కట్టుకునే దశకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో రూపుదిద్దుకున్న అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులై 26న నీటిలోకి దించారు. 2016లో అది నౌకాదళంలో చేరింది. రెండోది, ఐఎన్ఎస్ అరిఘాత్, 2024 ఆగస్టు 29న విశాఖలోనే సేవలోకి వచ్చింది. డీజిల్-ఎలక్ట్రిక్ రకాన్ని ముంబయిలోని మజగావ్ డాక్ కడుతోంది. ఫ్రెంచ్ స్కార్పీన్ డిజైన్‌తో అక్కడ చేసిన ఆరింటిలో చివరిది వాగ్‌షీర్, 2025 జనవరి 15న చేరింది.

విశాఖలో ఇంకా చాలా ఉన్నాయి. 1969లో మొదలైన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ, అంటే ఎన్ఎస్‌టీఎల్, డీఆర్‌డీఓ ప్రయోగశాల. టార్పెడోలు, నౌకల ఆకృతి, చప్పుడు తగ్గించే పద్ధతులు అక్కడి పని. ఆ ల్యాబ్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో 2016లో నౌకాదళానికి అందింది. దాన్ని తయారు చేసేది భారత్ డైనమిక్స్. హిందుస్థాన్ షిప్‌యార్డ్ జలాంతర్గాములకు పెద్ద మరమ్మతులు చేస్తుంది. నేవల్ డాక్‌యార్డ్ ఉంది. జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన ఉంది. హైదరాబాద్‌కు వస్తే ప్రత్యేక ఉక్కు, టైటానియం తయారు చేసే మిధానీ, లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్ఎల్ ఉన్నాయి. యుద్ధనౌకల కోసం డీఎంఆర్ఎల్ రూపొందించిన డీఎంఆర్-249ఏ ఉక్కుతోనే విమానవాహక నౌక విక్రాంత్‌ను కట్టారు.

పైపుతో మొదలుపెడదాం

జలాంతర్గామి డిజైన్ అర్థం కావాలంటే ముందు పైపు గురించి ఆలోచించండి. శ్రీకాళహస్తి పక్కనే రాచగున్నేరిలో డక్టైల్ ఐరన్ పైపులు తయారవుతాయి. నీటి పథకాలకు వెళ్లే ఇలాంటి పైపుల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి, కారుతోందేమో పరీక్షిస్తారు. అక్కడ ఒత్తిడి లోపలి నుంచి బయటికి. జలాంతర్గామి కూడా రెండు వైపులా మూసేసిన పెద్ద పైపు లాంటిదే. కాకపోతే ఒత్తిడి బయటి నుంచి లోపలికి.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ పీడనం సుమారు ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర 30 అట్మాస్ఫియర్లు. అంటే ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 300 టన్నుల బరువు. నిండుగా ఎక్కిన ఆర్టీసీ బస్సు 15 టన్నులనుకుంటే, చాప పరిచినంత చోట 20 బస్సులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు.

ఇప్పుడు మీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలోని పల్చటి సిలిండర్ సూత్రం తీయండి. పీడనాన్ని వ్యాసంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగించడం. ఉదాహరణకు 8 మీటర్ల వ్యాసం, 30 మిల్లీమీటర్ల మందం, 3 మెగాపాస్కల్స్ పీడనం తీసుకోండి. జవాబు 400 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీల్ సుమారు 250 దగ్గరే లొంగిపోతుంది. అందుకే జలాంతర్గాములకు ప్రత్యేకమైన ఉక్కు కావాలి. అమెరికా దశాబ్దాల పాటు వాడిన హెచ్‌వై-80 ఉక్కు 550 వరకు తట్టుకుంటుంది. పలక మందం పెంచేస్తే సరిపోదా అంటే, బరువు పెరిగి తేలడమే కష్టమవుతుంది. బలం, బరువు, ఖర్చు.. డిజైనర్ పని ఈ మూడింటి మధ్య బేరమాడటమే.

ఇంకో చిక్కుంది. లోపలి ఒత్తిడి పైపును గుండ్రంగా ఉంచడానికే చూస్తుంది. బయటి ఒత్తిడి అలా కాదు. ఖాళీ వాటర్ బాటిల్‌లో గాలి పీల్చి చూడండి, ఎక్కడ చిన్న సొట్ట ఉందో అక్కడే లోపలికి నొక్కుకుపోతుంది. దీన్నే బక్లింగ్ అంటాం. ఇది రాకుండా లోపల పక్కటెముకల్లా ఉక్కు వలయాలు వేస్తారు. అయినా సరే, సిలిండర్ కొన్ని మిల్లీమీటర్లు గుండ్రం తప్పినా తట్టుకునే లోతు తగ్గిపోతుంది. అందుకే ఇక్కడ పలక వంచేవాళ్లకూ, వెల్డింగ్ చేసేవాళ్లకూ అంత విలువ. ఎంత వేడి ఇవ్వాలి, ఏ వరుసలో అతకాలి అన్నదాన్ని బట్టే సిలిండర్ గుండ్రంగా ఉంటుందా, వంకర పోతుందా అన్నది తేలుతుంది.

గాలి లెక్క

పంచభూత లింగాల్లో వాయులింగం ఉన్న ఊరు మనది. జలాంతర్గామి డిజైన్‌లోనూ సగం కథ వాయువుదే. మునగాలంటే బ్యాలస్ట్ ట్యాంకుల్లో గాలి వదిలి నీళ్లు నింపాలి. తేలాలంటే సిలిండర్లలో అదిమి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి ఊది నీళ్లను బయటికి నెట్టాలి. లోపలున్న వాళ్లకు ఊపిరి కావాలి. డీజిల్ ఇంజిన్‌కూ గాలి కావాలి.

ఈ చివరిదే పెద్ద తలనొప్పి. డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి నీటి అడుగున బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీలు ఛార్జి చేయడానికి మాత్రం పైకి వచ్చి, స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటి పైకి పెట్టి, గాలి పీల్చుకుని ఇంజిన్ నడపాలి. శత్రువు రాడార్‌కు దొరికిపోయేది అప్పుడే. పైగా లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. గాలి మార్పిడి సరిగ్గా లేకపోతే పేలుడు ప్రమాదం.

దీనికి ఒక పరిష్కారం ఏఐపీ. బయటి గాలితో పని లేకుండా కరెంటు పుట్టించే ఏర్పాటు. డీఆర్‌డీఓకు చెందిన అంబర్‌నాథ్‌లోని ఎన్ఎంఆర్ఎల్ ఫ్యూయెల్ సెల్‌తో దీన్ని రూపొందించి, 2021 మార్చిలో నేల మీద పరీక్షించింది. రెండో పరిష్కారం అణు రియాక్టర్. అరిహంత్ రియాక్టర్‌ను రూపొందించింది బార్క్. దాని నమూనాను నేల మీద నడిపి చూసింది కల్పాక్కంలో. రియాక్టర్‌కు ఆక్సిజన్ అక్కర్లేదు. కరెంటుకు లోటుండదు కాబట్టి నీటిని విడగొట్టి ఊపిరికి ఆక్సిజన్ తయారు చేసుకోవచ్చు, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించుకోవచ్చు. అలాంటి జలాంతర్గామి ఎన్నాళ్లు నీటిలో ఉండగలదన్నది ఇంధనం మీద కాదు, సిబ్బంది ఓపిక మీద, వంటింట్లో ఉన్న సరుకుల మీద ఆధారపడుతుంది. కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకు ఇక్కడ పనే పని.

చప్పుడే శత్రువు

నీటిలో రేడియో తరంగాలు ఎక్కువ దూరం పోలేవు. శబ్దం మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వెళ్తుంది. కాబట్టి సముద్రం లోపల చూపు అంటే వినికిడే. ఎవరు తక్కువ చప్పుడు చేస్తూ ఎక్కువ వింటారో వాళ్లదే పైచేయి.

లోపల పంపు ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, గేర్లుంటాయి. అవి కదిలితే ఆ అదురు ఉక్కు పెంకు ద్వారా నీటిలోకి పోతుంది. అందుకే యంత్రాలను రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెడతారు, బయటి పెంకుకు శబ్దాన్ని మింగే పలకలు అతికిస్తారు. ప్రొపెల్లర్ వేగంగా తిరిగితే రెక్కల దగ్గర పీడనం పడిపోయి నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. దాన్ని క్యావిటేషన్ అంటారు. మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో సెంట్రిఫ్యూగల్ పంపు గురగురలాడటం వినే ఉంటారు, అదే సంగతి. ఆ చప్పుడును సోనార్ ఇట్టే పట్టేస్తుంది. ప్రొపెల్లర్ల, నౌకా ఆకృతుల నమూనాలను పరీక్షించడానికే ఎన్ఎస్‌టీఎల్‌లో క్యావిటేషన్ టన్నెల్, 500 మీటర్ల పొడవైన నీటి ట్యాంకు ఉన్నాయి. సోనార్ల పరిశోధన కోచిలోని ఎన్‌పీఓఎల్‌లో జరుగుతుంది.

మరి అంత లోతులో ఉన్నవాళ్లకు ఆదేశాలు ఎలా పంపుతారు? అతి తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ తరంగాలు కొద్ది మీటర్ల మేర నీటిలోకి దిగుతాయి. ఆ తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. అందుకే యాంటెన్నాలకు ఎకరాల కొద్దీ స్థలం కావాలి. తమిళనాడులోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అలాంటి కేంద్రమే. రెండో కేంద్రానికి వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని స్థానికంగా అభ్యంతరాలూ వచ్చాయి. ఈసీఈ వాళ్లు యాంటెన్నా పాఠం చదివేటప్పుడు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోండి.

ఒక్క అతుకు.. 129 ప్రాణాలు

ఇక అసలు విషయానికి వద్దాం. 1963 ఏప్రిల్ 10న అమెరికా అణు జలాంతర్గామి థ్రెషర్ లోతు పరీక్ష కోసం అట్లాంటిక్‌లో మునిగింది. మళ్లీ పైకి రాలేదు. అందులోని 129 మందీ చనిపోయారు. సముద్రపు నీటి పైపుల్లో ఒక అతుకు ఊడి ఉంటుందని, చిమ్మిన నీళ్లు ఎలక్ట్రికల్ ప్యానెళ్లను దెబ్బతీసి రియాక్టర్ ఆగిపోయి ఉంటుందని విచారణలో అంచనాకు వచ్చారు. తేలడానికి ట్యాంకుల్లోకి గాలి ఊదితే, గాలిలోని తేమ గడ్డకట్టి దారి మూసుకుపోయి ఉంటుందన్నారు. అంతకుముందు మరమ్మతుల సమయంలో 145 అతుకులను అల్ట్రాసోనిక్‌తో పరీక్షిస్తే, 14 శాతం ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. మిగతా వేల అతుకుల్ని పరీక్షించకుండానే సముద్రంలోకి పంపారు.

ఆ తర్వాత అమెరికా నౌకాదళం 'సబ్‌సేఫ్' అనే పద్ధతి తెచ్చింది. ప్రాణాల మీదికి తెచ్చే ప్రతి భాగానికీ అది ఏ లోహం, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు అన్న రికార్డు ఉండాలి. రికార్డు లేకపోతే ఆ భాగం లేనట్టే లెక్క. ఆ ధ్రువీకరణ పొందిన జలాంతర్గామి ఒక్కటీ ఇప్పటిదాకా మునిగిపోలేదు.

అంత పకడ్బందీ వ్యవస్థకూ ఒకచోట తూట్లు పడ్డాయి. అమెరికాలోని టకోమాలో, జలాంతర్గాములకు ఉక్కు భాగాలు పోతపోసే ఫౌండ్రీలో, మెటలర్జీ విభాగం అధిపతి దాదాపు మూడు దశాబ్దాల పాటు పరీక్ష ఫలితాలు మార్చి రాసినట్టు బయటపడింది. ఫెయిలైన ఉక్కును పాసైనట్టు చూపించినవి కనీసం 240 పోతలు. మైనస్ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో సుమారు మైనస్ 73 డిగ్రీల దగ్గర పరీక్షించమనడం అర్థం లేని పని అనిపించిందని ఆవిడ చెప్పుకొంది. 2022లో కోర్టు రెండున్నరేళ్ల జైలుశిక్ష వేసింది.

ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, ఆ పరీక్షలాంటిదే మీ ల్యాబ్‌లోనూ ఉంది కాబట్టి. ఛార్పీ ఇంపాక్ట్ టెస్ట్. లోలకం ఊగి ముక్కను విరగ్గొడితే డయల్ మీద రీడింగ్ చూస్తాం. నిజంగా చూస్తామా? మనలో చాలామంది సీనియర్ రికార్డు తెచ్చుకుని, అంకెలు కాస్త అటూ ఇటూ మార్చి, సంతకం పెట్టించేసుకుంటారు. వైవాలో గట్టెక్కేస్తారు. కాలేజీలో దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. కానీ అలవాటు కాలేజీలో ఆగిపోదు, ఉద్యోగంలోకి మన వెంటే వస్తుంది. టకోమాలో జరిగింది అలాంటిదే. 'ఈ రీడింగ్ ఎవడు చూడొచ్చాడులే' అనుకోవడం.

జలాంతర్గామి రంగంలో మార్కుల కన్నా ముందు చూసేది ఇదే. రీడింగ్ తేడాగా వస్తే తేడాగా వచ్చిందని రాసే ధైర్యం ఉందా, లేదా?

ఎవరికి ఏ దారి?

ఇంటర్ ఎంపీసీ: జేఈఈ మెయిన్ ర్యాంకుతో నౌకాదళం బీటెక్ క్యాడెట్ ఎంట్రీ ఉంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 70 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం కావాలి. ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూలో నెగ్గితే కేరళలోని ఎళిమల అకాడమీలో చదువు, శిక్షణ ఖర్చంతా నౌకాదళానిదే. ఎన్‌డీఏ మరో దారి. సెయిలర్‌గా చేరాలంటే అగ్నివీర్ నోటిఫికేషన్లు చూడండి.

డిజైన్ అంటే ఇష్టమున్నవాళ్లు: నేవల్ ఆర్కిటెక్చర్ చదవొచ్చు. ఐఐటీ మద్రాస్, ఐఐటీ ఖరగ్‌పూర్, కోచిలోని కుశాట్, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో కోర్సులున్నాయి. మారిటైమ్ యూనివర్సిటీకి ఐఎంయూ సెట్ రాయాలి. శ్రీకాళహస్తి వాళ్లకు విశాఖ కన్నా చెన్నై దగ్గరన్నది గుర్తుంచుకోండి.

బీటెక్ పూర్తయినవాళ్లు: డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి పోస్టులకు ఎక్కువ విభాగాల్లో గేట్ స్కోరు, ఇంటర్వ్యూ ముఖ్యం. బార్క్‌లో ట్రైనీ సైంటిఫిక్ ఆఫీసర్ ఎంపికలున్నాయి. హిందుస్థాన్ షిప్‌యార్డ్, మజగావ్ డాక్, భారత్ డైనమిక్స్, భారత్ ఎలక్ట్రానిక్స్ ఎప్పటికప్పుడు నోటిఫికేషన్లు ఇస్తాయి. 2022 నుంచి గేట్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపరూ ఉంది. నౌకాదళ షార్ట్ సర్వీస్ ఎంట్రీలు మరో అవకాశం. సైంటిస్ట్-బి, నౌకాదళ సబ్-లెఫ్టినెంట్.. ఏడో వేతన సంఘం ప్రకారం రెండింటికీ మూలవేతనం 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది. జలాంతర్గాముల్లో పనిచేసేవాళ్లకు ప్రత్యేక అలవెన్సు అదనం.

డిప్లొమా, ఐటీఐ: డీఆర్‌డీఓలో సెప్టమ్ ద్వారా టెక్నికల్ అసిస్టెంట్, టెక్నీషియన్ పోస్టులు భర్తీ అవుతాయి. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఐటీఐ వాళ్లను తీసుకుంటుంది. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్లను చిన్నచూపు చూడకండి. పైన చెప్పిన కథల్లో ప్రాణాలు నిలబెట్టేదీ, తీసేదీ వాళ్ల చేతి అతుకే.

అర్హతలు, వయసు ఏటా కాస్త మారుతుంటాయి. అధికారిక వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ చదివాకే దరఖాస్తు చేయండి. 'డాక్‌యార్డులో తెలిసినవాళ్లున్నారు, ఇంత ఇస్తే పని అవుతుంది' అనే మాట వినిపిస్తే అక్కడే ఆగిపోండి. ఈ ఉద్యోగాలు దొడ్డిదారిన రావు.

ఇబ్బందులూ తెలుసుకోండి

ఈ రంగంలో పేరు రాదు. ఏం చేస్తున్నారో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేరు, లింక్డిన్‌లో ప్రాజెక్టు వివరాలు పెట్టుకోలేరు. సోషల్ మీడియా పరిచయాల ద్వారా సమాచారం బయటికి పోయిందన్న ఆరోపణలతో 2019 డిసెంబరులో నౌకాదళ సిబ్బంది కొందరిని అరెస్టు చేశారు, ఆ కేసును మొదట పట్టుకుంది మన ఏపీ నిఘా విభాగమే. ఒక ప్రాజెక్టు పదేళ్లు, పదిహేనేళ్లు నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మీ స్నేహితుడు మూడు కంపెనీలు మారేసరికి మీరు ఒకే పంపు మీద పనిచేస్తుండొచ్చు. నోటిఫికేషన్ వచ్చి ఫలితం తేలేసరికి నెలలు గడుస్తాయి. ఇంటి పరిస్థితి ఆగనివ్వకపోతే ముందు దొరికిన ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు గేట్‌కు చదువుకోవడంలో తప్పేమీ లేదు.

ఈ సెమిస్టర్‌లోనే

ఒకటి: వచ్చే ల్యాబ్ నుంచి మీ రీడింగులు మీరే తీయండి. తేడా వస్తే అలాగే రాసి, ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు కింద రాయండి. ఇంటర్వ్యూ బోర్డు ప్రాజెక్టు గురించి గుచ్చి అడిగినప్పుడు మిమ్మల్ని కాపాడేవి ఆ రెండు వాక్యాలే.

రెండు: పైన వేసిన సిలిండర్ లెక్కను 20, 40 మిల్లీమీటర్ల మందాలతో, 200, 400 మీటర్ల లోతులతో మళ్లీ వేయండి. ఏ ఉక్కు ఎక్కడ లొంగిపోతుందో పట్టిక కట్టండి. అదే ఒక మినీ ప్రాజెక్టు అవుతుంది.

మూడు: మెకానికల్, మెటలర్జీ వాళ్లు వెల్డింగ్, అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ పరీక్షల్లో ఒక సర్టిఫికెట్ కోర్సు చూసుకోండి. ఈఈఈ వాళ్లు బ్యాటరీలు, మోటార్లు. ఈసీఈ వాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్. సీఎస్ఈ వాళ్లు ఎంబెడెడ్, సిమ్యులేషన్ మీద పట్టు పెంచుకోండి.

నాలుగు: వీలైతే స్నేహితులతో కలిసి విశాఖ వెళ్లండి. రాత్రి రైలెక్కితే మర్నాడు దిగొచ్చు. కుర్సురాలోకి వెళ్లినప్పుడు సెల్ఫీ తీసుకోండి, కాదనం. తర్వాత ఫోన్ జేబులో పెట్టి ఆ ఇరుకు తలుపుల చుట్టూ, తల మీద పాకే పైపుల గుంపులో, అతుకులు ఎన్నున్నాయో లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. కాసేపటికి లెక్క తప్పుతుంది. ఆ ఒక్కో అతుకునూ ఎవరో ఒకరు పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు రాశారు. లోపల 70 మందికి పైగా ఆ రాతను నమ్ముకుని మూడు దశాబ్దాలు మునిగారు, తేలారు. అలాంటి రాత రాయగలిగినవాళ్ల కోసమే ఈ రంగం చూస్తోంది.